రెస్టారెంటు హాలులో స్పీకర్లు, టీవీ, వైర్లు కనిపించకుండా అమర్చడం ఎలా?

రెస్టారెంటు పనుల్లో సౌండ్ సిస్టమ్ అమర్చే మనిషిని సాధారణంగా అందరికంటే చివర పిలుస్తారు. అప్పటికే ఫాల్స్ సీలింగ్ మూసేసి, గోడలకు రెండో కోటు రంగు కూడా పడిపోయి ఉంటుంది. ఇక అతను చేయగలిగిందల్లా గోడ మీద ప్లాస్టిక్ పట్టీలు అంటించి వాటిలో వైర్లు నడిపించడం, మూలల్లో నల్లటి స్పీకరు డబ్బాలు వేలాడదీయడం. లక్షలు పోసి చేయించిన ఇంటీరియర్ ఆ రెండు పనులతో చిన్నబోతుంది. కాబట్టి పరికరాలను కనిపించకుండా చేయాలంటే ఏ స్పీకరు కొనాలన్న ప్రశ్న కంటే ముందు, ఏ పని ఎప్పుడు జరగాలో తేల్చుకోవాలి.

చెప్పడానికి వీలుగా ఒక నమూనా తీసుకుందాం. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న భోజనశాల, దాని పక్కన పుట్టినరోజు వేడుకలకూ ఆఫీసు సమావేశాలకూ అద్దెకిచ్చే చిన్న గది. రెండింటికీ ఫాల్స్ సీలింగ్ ఎత్తు 10 అడుగులు.

1. ఏవి దాచాలో, ఏవి దాచకూడదో ముందు తేల్చండి

అన్నీ దాచాలనుకోవడం పొరపాటు. క్రికెట్ మ్యాచ్‌ల కోసం జనం వచ్చే చోట పెద్ద తెర కనిపించడమే వ్యాపారం. రోజంతా నడిచే మెనూ తెరలకు తలుపులు పెట్టినా, ఆ తలుపులు మొదటి వారం దాటాక ఎవరూ మూయరు. అప్పుడప్పుడు మాత్రమే వాడే తెర, ఎప్పుడూ వినిపించవలసిన స్పీకర్లు, ఎవరూ చూడనవసరం లేని యాంప్లిఫయర్, నెట్‌వర్క్ పెట్టెలు, వైర్లు: దాచవలసినవి ఇవే. మన దగ్గర మరో మాట కూడా మొదటి సమావేశంలోనే అడిగి తెలుసుకోవాలి. వాస్తు చూసే యజమానులు ఈశాన్యంలో బరువైన రాక్ (యాంప్లిఫయర్ లాంటి పరికరాలను పేర్చే అర) వద్దంటారు. ఆ సంగతి వైర్లన్నీ లాగిన తరువాత తెలిస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

2. సీలింగ్ నక్షా మీద అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి

లైట్లు, ఏసీ గ్రిల్లులు, స్ప్రింక్లర్లు, పొగను పసిగట్టే డిటెక్టర్లు, స్పీకర్లు అన్నీ ఒకే సీలింగ్ నక్షాలో, ఒకే కొలతతో గుర్తించి ఉండాలి. ఎలక్ట్రీషియన్, ఏసీ మనిషి, కార్పెంటర్ తలా ఒక కాగితం పట్టుకుని పని చేస్తే, స్పీకరు రావలసిన చోటనే ఏసీ డక్టు వచ్చి కూర్చుంటుంది.

స్పీకర్ల సంఖ్యను కంటి అంచనాతో కాక లెక్కతో తేల్చాలి. సీలింగ్ స్పీకరు ధ్వనిని 90 డిగ్రీల శంకువులా కిందికి వెదజల్లుతుందనుకుంటే, కూర్చున్న మనిషి చెవి నేలకు సుమారు 4 అడుగుల ఎత్తులో ఉంటుంది కనుక, 10 అడుగుల సీలింగ్ నుంచి ఆ చెవికి దూరం 6 అడుగులు. ఆ దూరానికి రెట్టింపు, అంటే 12 అడుగుల వ్యాసం గల వృత్తంలో ఒక స్పీకరు బాగా వినిపిస్తుంది. మన హాలులో పొడవు వైపు నాలుగు, వెడల్పు వైపు రెండు చొప్పున 8 స్పీకర్లు పెడితే ఏ బల్ల దగ్గరా పాట చెవిలో మోగదు, ఏ బల్ల దగ్గరా మాయం కాదు. రెండే పెద్ద స్పీకర్లతో సరిపెడితే వాటి కింద కూర్చున్నవాళ్లు అరుచుకుని మాట్లాడుకోవాలి, దూరంగా ఉన్నవాళ్లకు పాట అందదు.

ఇలాంటి చోట 100 వోల్టుల లైను పద్ధతి అనుకూలం. ఒకే జత వైరు మీద స్పీకర్లన్నిటినీ వరుసగా తగిలించవచ్చు, ఒక్కొక్క స్పీకరు ఎన్ని వాట్లు తీసుకోవాలో దాని ట్యాప్ (వాట్లను ఎంచుకునే అమరిక) మీద నిర్ణయించవచ్చు. 8 స్పీకర్లను 6 వాట్ల ట్యాప్ మీద పెడితే మొత్తం 48 వాట్లు అవుతుంది. యాంప్లిఫయర్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్న లెక్కన 60 వాట్ల యాంప్లిఫయర్ సరిగ్గా సరిపోతుంది.

3. గోడలకు పూత పడకముందే పైపులు వేయండి

వైర్లు కాదు, పైపులు. వైర్లు మారుతుంటాయి, పైపు ఉంటే మార్చుకోవచ్చు. ఎలక్ట్రీషియన్లు అలవాటుగా వేసే 25 ఎంఎం పైపులో నెట్‌వర్క్ వైరు సుఖంగా వెళుతుంది, కానీ హెచ్‌డీఎంఐ కేబుల్ తలకాయ వంపుల దగ్గర ఇరుక్కుంటుంది. తెర వెనుకకు వెళ్లే దారికి 50 ఎంఎం పైపు వేసి, వంపులను గుండ్రంగా తిప్పి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయాలి. పైపులో 40 శాతానికి మించి నింపకూడదు.

మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ 4కే చిత్రాన్ని ఐదారు మీటర్లకు మించి నమ్మకంగా మోయలేదు. సమావేశపు బల్ల నుంచి నేల కిందుగా, గోడ మీదుగా తెర వరకు కొలిస్తే చిన్న గదిలోనే పది మీటర్లు తేలికగా దాటుతుంది. అక్కడ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ గానీ, క్యాట్ 6ఏ అనే నెట్‌వర్క్ వైరు మీద బొమ్మను దూరం పంపే ఎక్స్‌టెండర్ గానీ వాడాలి. ఆప్టికల్ కేబుల్‌కు ఒక కొస పరికరం వైపు, మరో కొస తెర వైపు అని ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు కనుక, పైపులోకి దూర్చే ముందు కొసల మీద రాసి ఉన్నది చదవాలి.

కరెంటు వైర్ల నుంచి, ముఖ్యంగా లైట్ల డిమ్మర్ల నుంచి, ఆడియో వైర్లను ఒక అడుగు ఎడంగా నడపాలి. తప్పనిసరిగా దాటవలసి వస్తే 90 డిగ్రీల కోణంలో అడ్డంగా దాటించాలి. సీలింగ్ పైభాగాన్ని ఏసీ గాలి వెనక్కి మళ్లే దారిగా వాడుతుంటే, అక్కడ తక్కువ పొగ వచ్చే రకం కేబుళ్లే వేయాలి. నిప్పు భద్రత విషయాలకు 2016 నాటి జాతీయ భవన నియమావళిలో నాలుగో భాగం ఉంది. స్ప్రింక్లర్లనూ పొగ డిటెక్టర్లనూ అందం కోసం గుడ్డతో గానీ పలకతో గానీ కప్పడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని.

4. స్పీకరు ముందు ఏ గుడ్డ వేయాలి?

సీలింగులో గుచ్చే స్పీకర్ల గ్రిల్లులను సీలింగ్ రంగులోనే కలిపేయవచ్చు. అయితే బ్రష్‌తో పూస్తే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి కనుక, గ్రిల్లు ఊడదీసి పలుచగా స్ప్రే చేయించాలి. పూర్తిగా గోడ పూత కిందికి వెళ్లిపోయే పలక స్పీకర్లు కూడా దొరుకుతాయి. వాటిలో బేస్ బలహీనంగా ఉంటుంది కాబట్టి గోడవార సోఫా కింద ఒక సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకరు) దాచి, కాళ్ల దగ్గర జాలీ వదలాలి.

గోడ మీద అలంకరణగా బిగించే గుడ్డ పలకల వెనుక స్పీకర్లు దాచడం అన్నిటికంటే అందమైన పద్ధతి. ఇందుకు పోచంపల్లి ఇక్కత్ నూలు గుడ్డ చక్కగా పనికొస్తుంది. పరీక్ష చాలా సులువు: గుడ్డను పెదవులకు ఆనించి ఊదాలి, వెనుక పెట్టిన అరచేతికి గాలి తగలాలి. తగిలితే పాట కూడా దాటుతుంది. జరీ దట్టంగా నేసిన పట్టు, మఖమల్ ఈ పరీక్షలో ఓడిపోతాయి, రెక్సిన్ సంగతి చెప్పనవసరమే లేదు. గుడ్డను చట్రానికి బిగుతుగా లాగి పిన్నులు కొట్టాలి తప్ప, వెనుక ప్లైవుడ్డు గానీ స్పాంజి గానీ జిగురుతో అంటించకూడదు. కార్పెంటర్‌కు ఈ మాట రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే అతనికి తెలిసిన గుడ్డ పని సోఫా పని.

5. తెరకు గూడు

చిన్న గదిలో 55 అంగుళాల తెర చాలు. దాని బొమ్మ భాగమే సుమారు 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల 3 అంగుళాల ఎత్తు ఉంటుంది. గూడును అంతకు సరిగ్గా కొట్టించకుండా, పక్కలకు రెండేసి అంగుళాలు, పైన నాలుగు అంగుళాలు గాలి ఆడేలా వదలాలి. తయారీదారు పుస్తకంలో ఇంకా ఎక్కువ అడిగితే దానినే పాటించాలి. ప్లగ్గు పాయింటును గోడలోకి లోతుగా దింపకపోతే ప్లగ్గు తల తెరను ముందుకు తోస్తుంది. ముందు వీనీర్ పలకను పైపట్టాల మీద పక్కకు జరిగేలా అమర్చితే, మూసినప్పుడు అది గోడలో భాగంగానే కనిపిస్తుంది. ఇళ్లకు అమ్మే టీవీల వారంటీ వ్యాపార స్థలాల్లో చాలాసార్లు చెల్లదు కనుక, వాణిజ్య రకం తెరనే కొనడం మంచిది.

ఒకవేళ ప్రొజెక్టరు, పైకి చుట్టుకునే తెర ఎంచుకుంటే, వాటి బరువు జిప్సం చట్రం మీద పడకూడదు. స్లాబుకు యాంకర్ బోల్టులు వేసి వేలాడదీయాలి.

రిమోట్ కిరణాలు చెక్క గుండా వెళ్లవు. తలుపు అంచున శనగగింజంత రిసీవరు అమర్చి వైరుతో లోపలికి కలపవచ్చు, లేదా నెట్‌వర్క్ ద్వారా నడిచే నియంత్రణ పెట్టుకోవచ్చు. వైఫై పెట్టెను అద్దం వెనుక గానీ లోహపు పలకల వెనుక గానీ దాచకూడదు. జిప్సం బోర్డు పైన పెడితే పెద్దగా నష్టం లేదు.

6. రాక్‌కు ఊపిరి ఆడాలి

విజయవాడలో నేను చూసిన ఒక హోటల్లో ప్రతి శనివారం రాత్రి తొమ్మిది ప్రాంతంలో పాటలు ఆగిపోయేవి. యాంప్లిఫయర్ మార్చారు, వైర్లు మార్చారు, ఆ వేళకే మళ్లీ ఆగిపోయేది. చివరికి బిల్లింగ్ కౌంటర్ కింద అర తెరిచి చేయి పెడితే సంగతి తెలిసింది: 18 ఎంఎం ప్లైవుడ్డుతో నాలుగు వైపులా బిగించిన పెట్టె, పక్కనే శీతల పానీయాల ఫ్రిజ్ వదిలే వేడి గాలి, మధ్యలో తాకలేనంతగా కాలిపోతున్న యాంప్లిఫయర్. వారంలో మిగిలిన రోజుల్లో వాల్యూమ్ తక్కువ కాబట్టి తట్టుకునేది. అర తలుపుకు కింద ఒక జాలీ, పైన ఒక జాలీ కోసి, పై జాలీ వద్ద చిన్న ఫ్యాను పెట్టాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.

పరికరాలు తీసుకునే కరెంటులో చాలా భాగం చివరికి ఆ గదిలోనే వేడిగా మారుతుంది. వేడిని కొలిచే బీటీయూల్లో చెబితే, ఒక వాటుకు గంటకు 3.41 లెక్కన, 500 వాట్లు వాడే రాక్ గంటకు 1,700 బీటీయూలు వదులుతుంది. రాక్‌కు వేరే ఎంసీబీ, వెనుక మనిషి దూరేంత జాగా, కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు పరికరాలు ఆరిపోకుండా ఒక చిన్న యూపీఎస్ ఉండాలి.

7. మూసే ముందు, మూసిన తరువాత

దాచిన ప్రతి పరికరానికీ చేయి అందే దారి ఉండాలి. సీలింగులో కనీసం 18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు ఉన్న ట్రాప్ డోర్లు (తెరిచి మూసే చిన్న తలుపులు) వదిలి, వాటి అంచులను లైట్ల గాడితో కలిపేస్తే కంటికి ఆనవు. ట్రాప్ డోర్ అందాన్ని చెడగొడుతుందని డిజైనరు అభ్యంతరం చెప్పవచ్చు. ఏడాది తరువాత సీలింగుకు రంపంతో కొట్టిన కన్నం అంతకంటే బాగుండదు.

జిప్సం షీట్లు బిగించకముందు స్పీకర్లన్నిటినీ ఒక రాత్రంతా మోగించి చూడాలి. ప్రతి గోడకూ, సీలింగుకూ కొలత టేపు పట్టి ఫొటోలు తీయాలి, వైరు రెండు కొసలకూ ఒకే పేరు చీటీ అంటించాలి, నక్షా నకలును రాక్ తలుపు లోపలివైపు అతికించాలి. చివరి సర్దుబాటు ఖాళీ హాలులో కాకుండా జనం నిండిన మొదటి శనివారం రాత్రి చేయాలి, ఎందుకంటే మనుషులూ బట్టలూ ధ్వనిని పీల్చుకుంటాయి, మాటల గోల కూడా పెరుగుతుంది. ఆ రోజు కుదిరిన వాల్యూమ్‌నే గరిష్ఠంగా లాక్ చేసి, కౌంటర్‌లో కూర్చునేవారికి తగ్గించే వీలు మాత్రమే ఇవ్వాలి.