షుగర్ ఉన్నవాళ్లు టాటూకి వెళ్లేముందు

మా బాబాయికి రావులపాలెం బస్టాండులో షుగర్ పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. తాగి ఉన్నాడనుకుని జనం తప్పుకుపోయారు. అందుకే చెబుతున్నా, షుగర్ ఉందని తెలిసేలా ఒంటిమీద ఏదో ఒక గుర్తు ఉండాలి.

పచ్చబొట్టే కావాలంటే ముందు డాక్టరుని అడగండి. రక్తంలో షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఎక్కువ వస్తే ఆగండి. పుండు త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదం ఉంది.

వేయించుకునే చోటు ముఖ్యం. నాడి చూసే మణికట్టు దగ్గరైతే ఎవరికైనా కనబడుతుంది. పాదాలు, పిక్కలు వద్దే వద్దు. ఇన్సులిన్ పొడుచుకునే పొట్ట, తొడలు కూడా వద్దు.

తీర్థాల్లో వేసే పచ్చబొట్ల జోలికి పోకండి, ఆ సూది ఎంతమందికి వాడారో తెలీదు. కొత్త సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి. కడుపు నిండా తిని వెళ్లండి. జేబులో గ్లూకోజు పొడి ఉంచుకోండి.

పూర్తిగా మానేదాకా, కనీసం రెండు మూడు వారాలు, కాలవ స్నానం వద్దు. వరిచేలో, రొయ్యల చెరువులో దిగొద్దు.

"డయాబెటిస్, ఇన్సులిన్" అని తెలుగులో, ఇంగ్లిషులో రాయిస్తే చాలు. డోసులు మారిపోతాయి, అవి రాయించకండి.

సూదంటే భయమా? అక్షరాలు చెక్కిన స్టీలు కడియం వేసుకోండి. పర్సులో లామినేషన్ చేసిన కార్డు పెట్టుకోండి, గోదావరి దాటించే పంటు మీద తడిసినా పాడవదు. ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ వివరాలు నింపండి.

ఇంట్లోవాళ్లకీ చెప్పి ఉంచండి: షుగర్ పడిపోయినప్పుడు స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.