బీడ్ జారని బీకరు – మూడో పాఠం: దువ్వెన అడ్డు

పోయిన పాఠంలో 250 మిల్లీలీటర్ల బీకరును కొలిచి గ్రాఫ్ కాగితం మీద అసలు సైజులో గీయమన్నాను. గీసినవాళ్లకు బయటి వ్యాసం 70 మి.మీ., ఎత్తు 95 మి.మీ. దగ్గర వచ్చి ఉంటుంది. కంపెనీని బట్టి ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ ఉండొచ్చు. గాజు మందం తీసేసి లోపలి వ్యాసం 66 మి.మీ. అనుకుందాం. బీడ్ అంటే మ్యాగ్నెటిక్ స్టిర్రర్ (అయస్కాంతంతో ద్రవాన్ని కలిపే యంత్రం) మీద పెట్టిన బీకరులో తిరిగే చిన్న అయస్కాంతపు కడ్డీ. ద్రవం పోసేటప్పుడు అది బయటికి జారి పడకుండా చూడటమే మన పని. బీడ్ మనం మొదటి పాఠంలో ఎంచుకున్నదే: 25 మి.మీ. పొడవు, 8 మి.మీ. మందం, పైన తెల్లటి టెఫ్లాన్ పూత. ఆ బొమ్మ ముందర పెట్టుకోండి. ఈ రోజు గీసేదంతా దాని మీదే.

ముందు ఒక ప్రశ్న. బీకరును వంచుతుంటే బీడ్ ఏ కోణం దగ్గర బయటికి జారుతుంది?

చెప్పేముందు చేసి చూడండి. ఖాళీ బీకరులో బీడ్ వేసి నెమ్మదిగా పక్కకు వంచండి. ఐదారు డిగ్రీలు వంచేసరికే బీడ్ అడుగున జారి మూలకు చేరుతుంది. టెఫ్లాన్‌కు గాజు మీద పట్టు ఉండదు కదా. మూలకు చేరాక మాత్రం అక్కడే కూర్చుంటుంది. 30 డిగ్రీలు, 45, 60, 80... కదలదు. దాని ముందున్న గోడ ఇంకా ఎగువకే ఉంది మరి. 90 దాటి, గోడ నోటి వైపు కిందికి వాలినప్పుడే జారుడు మొదలవుతుంది. బీడ్ నిలువుగా, అంటే పొడవు నోటి వైపు ఉండేలా పడుకుని ఉంటే ఇంకో మూడు నుంచి ఆరు డిగ్రీలు ఆగుతుంది. అడ్డంగా ఉంటే దొర్లుతుంది కాబట్టి ఆ కాస్త వ్యవధి కూడా దొరకదు.

ఇప్పుడు నీళ్లతో చేయండి. బీకరులో చివరి చెంచాడు నీళ్లు ఎప్పుడు పోతాయి? అవి కూడా అదే మూలలో ఉంటాయి, గోడ నోటి వైపు వాలితేనే పోతాయి. అంటే చివరి చుక్క పోయే కోణం, బీడ్ జారే కోణం దాదాపు ఒకటే. అసలు చిక్కు ఇక్కడుంది. నీళ్లన్నీ పోవాలంటే బీడ్‌కు కూడా దారి ఇవ్వక తప్పదు. బీడ్‌ను ఆపాలంటే నీళ్లు కొంత మిగలక తప్పదు. పాత్ర ఆకారం ఒక్కటే మార్చి దీన్ని దాటలేం.

నమ్మకపోతే ఆకారాలు మార్చి చూడండి. స్టీలు గ్లాసు పైకి పోనుపోను వెడల్పవుతుంది. గోడ నాలుగైదు డిగ్రీలు బయటికి వాలి ఉందనుకుంటే 85 దగ్గరే బీడ్, నీళ్లు రెండూ వచ్చేస్తాయి. కోనికల్ ఫ్లాస్కు దీనికి తిరగేసిన రకం. 250 మి.లీ. ఫ్లాస్కు గోడ లోపలికి సుమారు 13 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి 100 దాటిందాకా బీడ్ ఆగుతుంది. "అయితే కోనికల్‌ వాడితే సరిపోతుంది కదా సార్" అని ఫార్మసీ విద్యార్థులు అడుగుతుంటారు. బీడ్ ఆగిన 100 డిగ్రీల దాకా నీళ్లూ లోపలే ఆగుతాయి. ఇంకా వంచితే రెండూ కలిసి మెడలోకి దూకుతాయి. మెడ లోపలి వెడల్పు 30 మి.మీ. దాకా ఉంటుంది, 25 మి.మీ. బీడ్‌కు అది రాజమార్గం.

పాత్రలో ద్రవం ఎక్కువున్నప్పుడు గబగబా పోస్తే ఆ ప్రవాహం బీడ్‌ను ముందే ఎత్తుకొస్తుంది. కాబట్టి పైన చెప్పిన కోణాలు నెమ్మదిగా వంచే చేతికి మాత్రమే వర్తిస్తాయి.

మ్యాగ్నెటిక్ స్టిర్రర్ కొత్తదేమీ కాదు. ఆర్థర్ రోజింగర్‌కు అమెరికాలో దాని మీద పేటెంటు వచ్చింది 1944లో. ఎనభై ఏళ్లు దాటినా మనం బీకరు మూతికి గాజు కడ్డీ అడ్డం పెట్టే పోస్తున్నాం. ఒక చేతిలో వేడి బీకరు, ఇంకో చేతిలో కడ్డీ, కింద గరాటు పట్టుకునే చెయ్యి లేదు. బీడ్ టప్పున పడి ద్రావణం చిందితే ప్రాక్టికల్ పరీక్షలో ఎంత టెన్షనో హన్మకొండ కాలేజీల్లో చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండో చేతిని ఖాళీ చేయడమే మన డిజైన్ పని.

దారులు మూడున్నాయి. ఒకటి అయస్కాంతం. పోసేటప్పుడు బీకరు అడుగున బయటి నుంచి ఒక అయస్కాంతం ఆనిస్తే బీడ్ దానికి అతుక్కుని ఉండిపోతుంది. చాలా ల్యాబుల్లో చేసేదే, మంచి పద్ధతే. కానీ దాన్ని పాత్రకు శాశ్వతంగా బిగిద్దామనుకోకండి. స్టిర్రర్ మీద పెట్టినప్పుడు కింద తిరిగే అయస్కాంతం ఒక వైపు, మీరు బిగించింది ఇంకో వైపు లాగితే బీడ్ తిరగదు, కొట్టుకుంటుంది. పైగా మామూలు నియోడైమియం అయస్కాంతపు బిళ్ల 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోతుంది, హాట్‌ప్లేట్ మీద ఆ వేడి ఎంతసేపు? బీడ్ లోపల ఉన్నది ఆల్నికో రకం అయస్కాంతం అయితే బలమైన నియోడైమియం పక్కన పెట్టీ పెట్టీ దాని శక్తే తగ్గవచ్చు. అందుకే అయస్కాంతాన్ని పాత్రలో కాదు, పోసేటప్పుడు మాత్రమే తొడిగే పిడిలో పెట్టాలి. అది ఐదో పాఠం.

రెండోది మూత. గంజి వంచేటప్పుడు గిన్నె మీద సిబ్బి పెట్టినట్టు, చిల్లుల మూత. కోనికల్ ఫ్లాస్కుకు ఇదే సరైనది, బీకరుకు మాత్రం అనవసరపు బరువు. మూడోది నోటి కింద లోపల పెట్టే పళ్ల అడ్డు. బీకరుకు నా ఓటు దీనికే. దువ్వెన ముక్కలా ఉంటుంది కాబట్టి దువ్వెన అనే పిలుద్దాం.

సందు ఎంత?

బీడ్ పొడవు 25 కాబట్టి 20 మి.మీ. సందు పెట్టినా ఆగుతుందని మొదట అనిపిస్తుంది. ఆగదు. ద్రవం పారే దిక్కులోకి బీడ్ తనంతట తానే తిరుగుతుంది, మొన ముందుపెట్టుకుని వస్తుంది. అప్పుడు సందుకు ఎదురయ్యేది 25 కాదు, 8. కాబట్టి పొడవును మరిచిపోండి, సందు 8 కంటే తక్కువ ఉండాలి. బీడ్ మధ్యలో చిన్న రింగు ఉన్న రకమైతే ఆ రింగును కొలవకండి, మొన దగ్గర కొలవండి. మొన దూరితే రింగు దగ్గర ఇరుక్కుంటుంది, అది ఇంకా పెద్ద తలనొప్పి.

మరీ తగ్గించినా కష్టమే. నీళ్లకు తలతన్యత ఉంది. రెండు మూడు మి.మీ. సందుల్లో నీళ్లు పొరలా పట్టుకుని వేలాడతాయి, వదలవు. 4 నుంచి 6 మధ్య పెట్టాలి. మనం 5 తీసుకుందాం. 3 మి.మీ. మందం ఉండే బుల్లి బీడ్‌కు ఈ లెక్కన 2 మి.మీ. సందు కావాలి, అక్కడ నీళ్లు పారవు. వాటికి దువ్వెన పనికిరాదు, అయస్కాంతమే గతి.

పళ్లు ఎటు?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎవరికైనా మొదట తట్టే బొమ్మ: గోడకు ఒక పట్టీ, దాని నుంచి లోపలికి పొడుచుకొచ్చిన పళ్లు. గీసి చూస్తే బాగానే ఉంటుంది. కానీ బీకరును పడుకోబెట్టి చూడండి. ఆ పట్టీ గోడ మీద చిన్న కట్టలా నిలుస్తుంది. పట్టీ మందం 2 మి.మీ. అయినా దాని వెనక నీళ్లు నిలబడిపోతాయి. చివరి చుక్క కోసమే ఇంత చేస్తూ దానికే అడ్డుకట్ట కట్టినట్టవుతుంది.

తిప్పి గీయండి. వెన్ను లోపల, పళ్ల మొనలు గోడ వైపు. అంటే అడుగుకు సమాంతరంగా ఉండే నెలవంక పలక. దాని బయటి అంచు నుంచి లోపలికి 12 మి.మీ. లోతు గాడులు కోయాలి. ఆ తర్వాత 4 మి.మీ. వెన్ను మిగలాలి. మొత్తం వెడల్పు 16. ఇప్పుడు గోడను ఆనుకుని పారే నీళ్లకు పళ్ల మధ్య గోడ దాకా దారి తెరిచే ఉంటుంది. గాడి లోతు 12 ఎందుకంటే, గోడ మీద పడుకున్న బీడ్ ఎత్తు 8. నీళ్ల వేగానికి అది కాస్త ఎగిరినా వెన్ను దాటకూడదు. మందానికి ఒకటిన్నర రెట్లు గాడి, ఆ పైన వెన్ను ఉంటే చాలు.

పళ్ల మొనలు గోడకు సరిగ్గా తాకాల్సిన పని లేదు. లోపలి సగం వ్యాసం 33 కాబట్టి పలక బయటి అంచును 32.5 వ్యాసార్ధంతో గీయండి. అర మి.మీ. వదులు ఉంటే గాజు గీరుకోదు, తీసి కడగడమూ సులువు.

ఎక్కడ, ఎంత మేర?

దువ్వెన ద్రవంలో మునిగి ఉండకూడదు. మునిగితే సుడికి అడ్డుపడి చిందిస్తుంది. 66 మి.మీ. వ్యాసానికి అడుగు వైశాల్యం సుమారు 34 చదరపు సెం.మీ. కాబట్టి 150 మి.లీ. పోస్తే ఎత్తు 4.4 సెం.మీ. వస్తుంది. సుడి అంచున ఇంకో సెంటీమీటరు లేస్తుందనుకోండి. దువ్వెనను అడుగు నుంచి 75 మి.మీ. ఎత్తున, అంటే మూతికి 20 కింద పెడితే ఇబ్బంది లేదు.

ద్రవం పోసే ముక్కుకు రెండు వైపులా కలిపి 120 డిగ్రీల మేర చాలు, చుట్టుకొలతలో మూడో వంతు, సుమారు 69 మి.మీ. మణికట్టు కాస్త అటూ ఇటూ తిరిగినా బీడ్ తప్పించుకోదు. మిగతా మూడింట రెండు వంతులు ఖాళీగా వదలడం సోమరితనం కాదు. బీడ్ వేయడానికీ, తీయడానికీ, బ్రష్ దూర్చడానికీ ఆ ఖాళీయే దారి. ముందు వైపు వంచితే బీడ్ ఆగుతుంది, వెనక వైపు వంచితే బయటికొస్తుంది.

ఇక ప్రవాహం లెక్క. 150 మి.లీ. మూడు సెకన్లలో పోయాలంటే సెకనుకు 50 ఘనపు సెం.మీ. అడ్డు దగ్గర నీళ్లు ఒక సెం.మీ. ఎత్తున ఉన్నాయనుకుంటే టారిచెల్లి సూత్రం ప్రకారం వేగం సెకనుకు 44 సెం.మీ. సందుల అంచుల దగ్గర ప్రవాహం ముడుచుకుంటుంది కాబట్టి 0.6తో గుణిస్తే 26 మిగులుతుంది. 50ని 26తో భాగిస్తే కావాల్సిన దారి 1.9 చదరపు సెం.మీ. మన దువ్వెనలో 5 మి.మీ. సందు, 3 మి.మీ. పన్ను, కలిపి 8. 69 మి.మీ.లో ఎనిమిది సందులు పడతాయి. ఒక సెం.మీ. ఎత్తు వరకు చూస్తే 4 చదరపు సెం.మీ. అవుతుంది, రెట్టింపు.

రెట్టింపు ఎందుకు? అడ్డం పడ్డ బీడే మూడు సందులు మూసేస్తుంది. మిగిలిన ఐదింటి దారి 2.5. అప్పటికీ 1.9 కంటే ఎక్కువే. ఈ మినహాయింపు వేసుకోకుండా గీసిన దువ్వెన, బీడ్ చేరగానే సగంలో నీళ్లు పట్టేస్తుంది, వెనక నుంచి పొర్లిస్తుంది.

చేయడం

వరంగల్‌లో అక్రిలిక్ నేమ్ బోర్డులు కోసే లేజర్ దుకాణానికి 3 మి.మీ. షీటు మీద మీ బొమ్మ ఇస్తే చాలు. లేజర్ తన దారిలో కాస్త కాల్చేస్తుంది కాబట్టి సందును 4.8 అని గీయండి, 5 వస్తుంది. పలక రెండు కొసల దగ్గరా రెండు మి.మీ. చిల్లులు పెట్టించి, వాటిలో సన్నని స్టెయిన్‌లెస్ తీగ దూర్చి, బీకరు అంచుకు కొక్కెంలా వంచండి. కొనేముందు తీగ పక్కన బీడ్ పెట్టి చూడండి. 304 రకం మామూలుగా అయస్కాంతానికి అంటదు కానీ, లాగి సన్నం చేసిన తీగ కాస్త అంటుతుంది. గట్టిగా అంటితే ఆ తీగ వద్దు. గమ్ముతో అతికించడం మాత్రం చేయకండి. అతుకు సందుల్లో పాత ద్రావణం దాక్కుంటుంది, బ్రష్ వెళ్లదు.

3డీ ప్రింటర్ అందుబాటులో ఉంటే పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్ కాకుండా పీఈటీజీ రకం వాడండి. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో మన ఎండకు మూసిన కారులో వదిలేసినా వంగిపోతుంది, వేడి ద్రావణం సంగతి ఇక చెప్పేదేముంది.

ఏది చేసినా ఇది నీళ్లతో నేర్చుకోవడానికే. అక్రిలిక్‌ను అసిటోన్, క్లోరోఫాం కరిగిస్తాయి, ఆల్కహాల్ తగిలితే పగుళ్లు పడతాయి. నిజం పనికి అదే బొమ్మను పాలీప్రొపిలీన్‌లో చేయించాలి. గాజు పనివాళ్లు తెలిసినవాళ్లుంటే దువ్వెన లేకుండానే, నోటి కింద గోడను వేడిచేసి కడ్డీతో లోపలికి నొక్కి వరుసగా నొక్కులు పెట్టించుకోవచ్చు. సందు లెక్క మాత్రం మారదు.

పరీక్ష, ఇంటిపని

బంగారం తూచే రకం చిన్న డిజిటల్ త్రాసు, 0.1 గ్రాము చూపేది ఒకటి కావాలి. తడిపి వంచేసిన బీకరులో ఎంత నీరు మిగిలిందో దువ్వెన లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి తూచండి. ఒక గ్రాము ఒక మి.లీ. తేడా అర మి.లీ. లోపుంటే డిజైన్ పాస్. ఎక్కువుంటే పళ్ల మూలలు చూడండి, నీళ్లు అక్కడే వేలాడుతుంటాయి. గాడి లోపలి కొసను చదరంగా కాకుండా గుండ్రంగా కోయించండి. ఈ పరీక్షకు బోరు నీళ్లు వాడి అలాగే ఆరబెడితే తెల్లటి పొర కట్టి రెండోసారి లెక్క తప్పుతుంది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి పెట్టండి.

బీడ్ పరీక్షలో మెల్లగా పోసి పాస్ చేసుకోకండి. బీడ్ నిలువుగా ఉంచి పది సార్లు, అడ్డంగా ఉంచి పది సార్లు, మణికట్టు 30 డిగ్రీలు పక్కకు తిప్పి పది సార్లు గబగబా పోయండి. ఒక్కసారి బయటపడ్డా మేర పెంచాలా, గాడి లోతు పెంచాలా అన్నది ఎటు నుంచి తప్పించుకుందో చూసి నిర్ణయించండి. పక్క నుంచి అయితే మేర, పై నుంచి అయితే లోతు.

వచ్చే పాఠానికి 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కు మెడను లోపలా బయటా కొలిచి ఉంచండి. చిల్లుల మూత గీస్తాం. అక్కడ నీళ్లు బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి, ఆ రెండో దారి ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించి గీసుకుని రండి.