దవడను కాపాడుకుందాం – 3వ పాఠం: రోజూ ఐదు నిమిషాల ట్రే

నిలబడని పళ్లను, నోటి, గొంతు క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌కి కనీసం రెండు వారాల ముందే తీయించుకోవాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఆ గాయాలు మానాయనుకుందాం. ఇక మిగిలిన పళ్లను జీవితాంతం నిలుపుకోవాలి.

దవడ గురించి పాఠమని చెప్పి పళ్ల గురించి మాట్లాడుతున్నానేమిటి? పైదవడతో పోలిస్తే కింది దవడకు రక్తసరఫరా తక్కువ. 60 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) దాటి డోసు పడిన చోట ఉన్న రక్తనాళాలూ సన్నబడతాయి. మామూలు రోజుల్లో ఆ ఎముక ఎలాగో నెట్టుకొస్తుంది. పన్ను పీకితే మాత్రం గాయాన్ని మాన్పుకునే సత్తువ దానికి ఉండకపోవచ్చు. అప్పుడు ఎముక బయటపడి నెలల తరబడి మూసుకోదు. మరోపక్క లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరెండిపోతుంది, చిగురు అంచున పళ్లు చకచకా పుచ్చిపోతాయి. పుచ్చితే పీకాల్సి వస్తుంది. అందుకే పుచ్చు దగ్గరే ఆపాలి.

పుచ్చును ఆపే ఫ్లోరైడ్ జెల్‌ను పళ్లకు పట్టించడానికి, మీ పళ్ల అచ్చు తీసి డెంటిస్టు మెత్తటి ప్లాస్టిక్ ట్రేలు చేసిస్తారు. పెట్టుకుని అద్దంలో చూడండి: అంచు పన్ను మొదలు దాకా రావాలి. సగంలోనే ఆగితే మళ్లీ చేయించండి, మొహమాటపడొద్దు.

రాత్రి పడుకోబోయే ముందు మెత్తటి బ్రష్‌తో తోముకుని, పళ్ల సందులు శుభ్రం చేసుకోండి. డాక్టరు రాసిన 1.1 శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్‌ను ట్రేలో సన్నటి గీతలా వేయండి. ఎక్కువైతే గొంతులోకి జారుతుంది. ఐదు నిమిషాలు ఉంచి, తీసి ఉమ్మేయండి. నీళ్లతో పుక్కిలించకండి. అరగంట దాకా తినొద్దు, తాగొద్దు.

చికిత్స మధ్యలో నోరు పూసి ట్రే పెట్టుకోలేకపోతే డెంటిస్టుకు చెప్పండి, వేరే దారి చూపిస్తారు. పుళ్లు మానగానే మళ్లీ మొదలుపెట్టండి. రేడియేషన్ అయిపోయిందని ట్రేను అటకెక్కించడమే నన్ను అన్నిటికన్నా భయపెట్టే పొరపాటు. ఎముకకు తగిలిన దెబ్బ ఏళ్లు గడిచినా పోదు.

ఈ వారం పని: మీ దవడలో ఏ వైపు ఎన్ని గ్రేలు పడుతున్నాయో రేడియేషన్ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. పదేళ్ల తర్వాత పంటినొప్పితో కొత్త డెంటిస్టు దగ్గరికి వెళ్లినా, కుర్చీలో కూర్చోకముందే ఆ కాగితం చేతికివ్వండి.

వచ్చే పాఠానికి చిన్న స్కేలు దగ్గర ఉంచుకోండి. నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో కొలుద్దాం.