పొద్దున్నే మెత్తటి బన్నులు: పిండి రాత్రే ఫ్రిజ్‌లో

స్కూలు బస్సు వచ్చేలోపు ఇంట్లో బన్నులు చేయాలంటే పిండి పొంగే టైమే ఉండదు. పోనీ రాత్రే కలిపి బయట పెడదామా అంటే, నెల్లూరు ఎండాకాలంలో తెల్లారేసరికి పులిసి జారిపోతుంది.

అందుకే ఫ్రిజ్ పద్ధతి. మైదా, గోధుమపిండి పావుకిలో చొప్పున, ఇన్‌స్టంట్ ఈస్ట్ అర టీస్పూనే, ఉప్పు ఒకటిన్నర టీస్పూను, చక్కెర రెండు టీస్పూన్లు, నూనె రెండు టేబుల్ స్పూన్లు. 320 మి.లీ. చల్లటి నీళ్లతో పది నిమిషాలు పిసికి, రెట్టింపు పట్టే డబ్బాలో మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దునకి డబ్బా అంచుల్లో బుడగలు కనిపిస్తాయి.

పది ఉండలు చేసి, వేలెడు మందాన ఒత్తి, తడిగుడ్డ కప్పి ముప్పావుగంట ఉంచాలి. వేలితో నొక్కితే గుంట మెల్లగా పైకి రావాలి, అదే గుర్తు. ఓవెన్ అక్కర్లేదు. మందపాటి పెనం మీద మూతపెట్టి, సన్నసెగన ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు కాలిస్తే చాలు. పచ్చికారంతోనూ బాగుంటాయి.

రాత్రి కరెంటు గంటలకొద్దీ పోతే మాత్రం ఇది కుదరదు. పిండి పుల్లటి వాసన వేసి, చేతికి జిగురుగా సాగుతుంటే బన్నులు పొంగవు. అందులో కాస్త పొడిపిండి కలిపి రొట్టెలు చేసుకోండి.