బ్రాంచ్ ఆఫీసులో వీడియో మీటింగ్‌కి ముందు జాగ్రత్తలు

ముందు రోజే, ఆఫీసు నిండా జనం ఉన్న వేళలో స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున్నే ఖాళీ ఆఫీసులో వచ్చే అంకెను నమ్మొద్దు. ముఖ్యంగా చూడాల్సింది అప్‌లోడ్. మన మాట, మన బొమ్మ అవతలికి వెళ్లేది దాని మీదే. 720పి (హెచ్‌డీ నాణ్యత) గ్రూప్ కాల్‌కి ఒక్కో కంప్యూటర్‌కి 2 నుంచి 3 ఎంబీపీఎస్ లెక్కేసుకోండి. నలుగురు విడివిడిగా చేరితే 10 ఎంబీపీఎస్ లైన్ అక్కడికే నిండిపోతుంది. ఒకే గదిలో ఉన్నవాళ్లు ఒకే స్క్రీన్ ముందు కూర్చోవడం మేలు.

- బ్యాకప్‌లు, విండోస్ అప్‌డేట్లు, క్లౌడ్ సింక్ రాత్రికి మార్చండి.
- మీటింగ్ కంప్యూటర్‌కి వైఫై వద్దు, కేబుల్ పెట్టండి.
- రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో నిర్ణయించే సెట్టింగ్) ఆన్ చేసి ఆడియోకి మొదటి ప్రాధాన్యం, ఆ తర్వాత వీడియోకి ఇవ్వండి. బొమ్మ మసకబారినా మీటింగ్ నడుస్తుంది, మాట తెగితే నడవదు. అప్‌లోడ్ పరిమితిని లైన్ అసలు స్పీడ్ కంటే కాస్త తక్కువగా పెట్టండి: 20 ఎంబీపీఎస్ వస్తుంటే 18. అప్పుడే డేటా క్యూ మన రౌటర్‌లో ఏర్పడుతుంది, దేన్ని ముందు పంపాలో మన చేతిలో ఉంటుంది. చాలామంది వదిలేసేది ఇదే.
- వీపీఎన్ (హెడ్ ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ప్రైవేట్ కనెక్షన్) వల్ల వీడియో అంతా హెడ్ ఆఫీసు మీదుగా తిరిగొస్తోందేమో చూడండి.
- లైన్ పడిపోతే ఫోన్‌లో చేరడానికి డయల్ ఇన్ నంబర్ అందరికీ ముందే పంపండి.