టార్చ్ లైట్ మొరాయిస్తోందా? లక్షణం, కారణం, రిపేరు (రఫ్‌గా వాడేవాళ్ల కోసం)

టార్చ్ వెలగకపోతే చాలామంది ముందు అనే మాట బల్బు పోయింది అని. పాత ఫిలమెంట్ బల్బుల టైంలో అది నిజమే, చేతిలోంచి జారి కింద పడితే లోపల తీగ తెగేది, అంతే. ఎల్ఈడీకి తెగడానికి అలాంటి తీగ లేదు, అందుకే ఇప్పటి టార్చుల్లో ఎల్ఈడీ పోవడం అరుదు, పోయేవి దాని చుట్టూ ఉన్నవి: సెల్లు, స్ప్రింగు, స్విచ్, మరలు, రబ్బరు రింగు. అందుకే ఏళ్ల తరబడి మోటుగా వాడినా నిలిచే టార్చ్ ఏది అని ఎవరన్నా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను, విప్పడానికి వచ్చేది కొనండి అంటా. విప్పాక ఏం చూడాలో కింద రాస్తున్నా.

వెలుగుతుంది, ఆరుతుంది, తడితే మళ్లీ వెలుగుతుంది

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇదే, పైగా పైసా ఖర్చు లేకుండా పోయేది కూడా ఇదే. మెటల్ బాడీ ఉండి వెనక నొక్కుడు స్విచ్ ఉన్న టార్చుల్లో కరెంటుకి వేరే వైరు ఉండదు, బాడీ గొట్టమే వైరు. సెల్లు మైనస్ నుంచి స్ప్రింగు, స్ప్రింగు నుంచి స్విచ్, స్విచ్ నుంచి వెనక మూత, మూత నుంచి గొట్టం అంచు, అక్కడ్నుంచి ముందు తలకాయ దాకా వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ మట్టి, పాత గ్రీజు, చిలుము చేరినా లైటు మిణుకుమిణుకుమంటుంది.

వెనక మూత విప్పి గొట్టం అంచు చూడండి, బాడీ అంతా నల్లగా ఉన్నా ఆ అంచు మాత్రం రంగు లేకుండా తెల్లగా మెరుస్తూ ఉంటుంది, ఎందుకంటే పైన ఉన్న యానోడైజింగ్ పొర, అంటే అల్యూమినియం మీద పట్టించే గట్టి పూత, కరెంటుని పోనివ్వదు, అందుకే అంచు మీద దాన్ని తీసేస్తారు. ఆ మెరిసే అంచు మీద నల్లటి మడ్డి కనపడితే మీ దొంగ దొరికినట్టే. గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి అంచు, మరలు, స్ప్రింగు కొస, సెల్లు రెండు మొనలు తుడవండి, గుడ్డ నల్లగా అవడం ఆగేదాకా. శాండ్ పేపర్ పెట్టి గీకొద్దు, స్ప్రింగు మీద బంగారు పూతో నికెల్ పూతో ఉంటుంది, అది లేచిపోతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

తుడిచినా పోకపోతే మూత లోపలికి చూడండి, స్విచ్‌ని పట్టుకుని ఉండే రింగు ఒకటి ఉంటుంది, దానికి ఎదురెదురుగా రెండు చిన్న చిల్లులో గాట్లో ఉంటాయి. కింద పడీ పడీ అది వదులవుతుంది. సన్నమూతి పట్టకారు రెండు కొసలు ఆ గాట్లలో పెట్టి బిగించండి, మూడొంతులు కేసులు ఇక్కడే అయిపోతాయి అని నా నమ్మకం. ఒక్కటి, కొన్నిటికి మర రివర్స్‌లో ఉంటుంది కాబట్టి తిరగకపోతే బలం పెట్టకుండా రెండోవైపు చూడండి.

కింద పడగానే మోడ్ (ఎక్కువ, తక్కువ వెలుతురు లాంటివి) మారిపోతుంది, లేదా ఆరిపోతుంది

టార్చ్ పాడవ్వలేదు. నేలకి తగిలిన ఆ క్షణంలో సెల్లు బరువుకి స్ప్రింగు నొక్కుకుపోయి, రెండోవైపు కాంటాక్ట్ ఒక్క లిప్త వదిలేస్తుంది, లోపలి సర్క్యూట్ దాన్ని మీరు స్విచ్ నొక్కినట్టు అనుకుంటుంది. ఒకవైపే స్ప్రింగు ఉన్నవాటిలో ఇది మామూలే. పాత స్ప్రింగు కుంగిపోయి ఉంటే మెల్లగా ఒకటి రెండు మిల్లీమీటర్లు లాగండి, ఎక్కువ లాగితే మూత బిగుసుకోదు. కొత్తది కొనేటప్పుడైతే రెండువైపులా స్ప్రింగు ఉన్నదే తీసుకోండి, సెల్లు వెళ్లి సర్క్యూట్ బోర్డుని గుద్దకుండా కూడా అదే కాపాడుతుంది. నా దృష్టిలో దెబ్బలు తట్టుకోవడానికి బాడీ మందం కన్నా ఇదే ముఖ్యం.

అస్సలు వెలగట్లేదు

ముందు సెల్లు సరైన వైపు వేశారా చూడండి, నవ్వొద్దు, చీకట్లో మార్చినప్పుడు అందరికీ జరిగేదే. తర్వాత మల్టీమీటర్ ఉంటే సెల్లు వోల్టేజ్ చూడండి. 18650 (టార్చుల్లో వాడే ఛార్జింగ్ సెల్లు సైజు ఒకటి) లాంటి లిథియం అయాన్ సెల్లైతే ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు ఉండాలి. సున్నా చూపిస్తే సెల్లు చచ్చిందని వెంటనే అనుకోవద్దు, లోపల ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న రకమైతే అది కట్ అయి ఉండొచ్చు, మంచి ఛార్జర్లో పెడితే చాలాసార్లు లేస్తుంది. లేచి, ఛార్జ్ అయ్యేటప్పుడు వేడెక్కితే మాత్రం దాన్ని వాడకండి.

సెల్లు బాగానే ఉంటే స్విచ్ అనుమానం. వెనక మూత తీసి పక్కన పెట్టి, చిన్న వైరు ముక్క ఒక కొస సెల్లు వెనక మైనస్ మీద, రెండో కొస గొట్టం అంచు మీద ఆనించండి. వెలిగిందా, ఐతే మూతలో ఉన్న స్విచ్చే పోయింది, మిగతాదంతా బాగుంది, ఆ సైజు స్విచ్ తెచ్చి వేస్తే సరిపోతుంది. వెలగకపోతే తప్పు ముందు తలకాయలో, అంటే సర్క్యూట్‌లోనో దాని కాంటాక్ట్‌లోనో ఉంది, తలకాయ విప్పడానికి రాకుండా జిగురు పెట్టి ఉంటే ఇక దాని కథ అయిపోయినట్టే. ఈ టెస్టు చేసేముందు సెల్లు మీద ప్లాస్టిక్ తొడుగు చిరగలేదని చూసుకోండి, 18650లో పక్క గోడ అంతా మైనస్సే, ప్లస్ మొన చుట్టూ తొడుగు చిరిగిన చోట లోహం తగిలితే షార్ట్ అయి కాలుతుంది.

సెల్లు కారిపోయింది

మోటుగా వాడిన టార్చుల్ని దెబ్బల కన్నా ఎక్కువగా చంపేది ఇది, అదీ వాడకుండా పక్కన పెట్టినప్పుడు. ఆల్కలైన్ సెల్లు బాగా అయిపోయాక లోపల హైడ్రోజన్ గ్యాస్ పుట్టి, సీలు వదిలి, పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి వస్తుంది. గాలి తగిలాక అది తెల్లటి పొడిలా గట్టిపడుతుంది. పాత సెల్లు కొత్త సెల్లు కలిపి వేస్తే ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే బలమైనవి కలిసి బలహీనమైనదాన్ని ఉల్టా నడిపిస్తాయి.

చేతికి గ్లౌజు వేసుకుని, కళ్లకి తగలకుండా చూసుకుని, దూదిపుల్ల కొసని వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి ఆ తెల్లపొడి మీద పెట్టండి, సన్నగా బుసబుసమని నురగ వస్తుంది, నురగ ఆగేదాకా మళ్లీ మళ్లీ అద్ది, తర్వాత తడిగుడ్డతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. సర్క్యూట్ బోర్డు వైపు కారకుండా గొట్టాన్ని కిందికి వంచి పట్టుకోండి. జింక్ కార్బన్ సెల్లు, అంటే మామూలు చవక సెల్లు కారితే అది ఆమ్లం వైపు ఉంటుంది, దానికి వంటసోడా నీళ్లు వాడాలి.

సెల్లు అల్యూమినియం గొట్టంలో ఉబ్బి ఇరుక్కుపోతే చాలా కష్టం, ఆ క్షారం అల్యూమినియాన్ని కూడా తింటుంది. ముందు తలకాయ ఊడొస్తే అటునుంచి కర్ర పెట్టి మెల్లగా తోయండి, సెల్లుకి డ్రిల్లు పెట్టడం, వేడి చేయడం లాంటివి వద్దు.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఎప్పుడో గానీ తీయని టార్చ్‌లో ఆల్కలైన్ పెట్టకండి. లిథియం డబుల్ ఏ సెల్లు, ఛార్జింగ్‌వి కాదు, ఒకసారి వాడి పడేసేవి, కారడం చాలా అరుదు, మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పనిచేస్తాయి. రోజూ వాడేవాళ్లకి నికెల్ మెటల్ హైడ్రైడ్ చాలు, 1.2 వోల్టులే అయినా డబుల్ ఏ టార్చులు చాలావరకు వాటితో బాగానే నడుస్తాయి.

అద్దం లోపల ఆవిరి పట్టింది

రబ్బరు రింగు ఎండిపోయిందో, తెగిందో, మర మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కుందో. సెల్లు తీసేసి, తలకాయ విప్పి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి పెట్టండి. ఉప్పునీళ్లలో పడి ఉంటే ముందు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు లోపలే ఆరనిస్తే బోర్డు మీద రాగి అంతా పచ్చబడుతుంది. రింగు తీసి తుడిచి కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి, చాలా టార్చుల్లో నైట్రైల్ రబ్బరు రింగులే కాబట్టి అది సరిపోతుంది. పెట్రోలియం జెల్లీ, వంటనూనె వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బుతుంది. స్విచ్ మీద ఉండే రబ్బరు టోపీ కూడా చూడండి, చిన్న పగులు చాలు నీళ్లు పోవడానికి.

కాసేపటికే వెలుతురు తగ్గిపోతుంది

ఇది రిపేరు కాదు. వేడి పెరిగితే సర్క్యూట్ తనంతట తనే వెలుతురు తగ్గిస్తుంది, లేకపోతే ఎల్ఈడీ మాడుతుంది. డబ్బా మీద రాసే ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, ఆన్సీ ఎఫ్ఎల్1 (టార్చులని కొలిచే అమెరికా ప్రమాణం) పద్ధతిలో ఐతే వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలిచినవి, రన్‌టైం ఏమో వెలుతురు అందులో 10 శాతానికి పడిపోయేదాకా లెక్క. అంటే పెద్ద అంకె చూసి మోసపోకండి.

వాడకపోయినా సెల్లు అయిపోతోంది

పక్కన ఎలక్ట్రానిక్ బటన్ ఉన్నవి ఎప్పుడూ కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. మరలకి యానోడైజింగ్ ఉంటే వెనక మూత కొద్దిగా వదులు చేయండి, కనెక్షన్ తెగిపోతుంది, బ్యాగులో అనుకోకుండా వెలగడం కూడా ఆగుతుంది.

లోపల బ్యాటరీ ఫిక్స్ చేసిన ఛార్జింగ్ టార్చ్

చవక ప్లాస్టిక్‌వాటిలో 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది, ఛార్జ్ అయిపోయాక అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ ఛార్జ్ పట్టదు. స్క్రూలు ఉంటే విప్పి అదే వోల్టేజ్ బ్యాటరీ వేయొచ్చు, అతికించి ఉంటే పారేయడమే.

కొత్తది కొనే ముందు

డబ్బా మీద ఇంపాక్ట్ రేటింగ్ 1 మీటర్ అంటే కాంక్రీట్ మీద అంత ఎత్తు నుంచి 6 సార్లు వేసి చూసినట్టు, ఐపీఎక్స్7 అనే నీటి రేటింగ్ అంటే 1 మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచి చూసినట్టు. బాడీ అల్యూమినియమా ప్లాస్టికా అని జనం తెగ కొట్టుకుంటారు, 1979లో వచ్చిన మ్యాగ్‌లైట్ దగ్గర్నుంచి మెటల్‌కి మోజు ఎక్కువ, కానీ మంచి పాలిమర్ బాడీ సొట్ట పడదు, చలిలో చేతికి చల్లగా తగలదు, వేడిని మాత్రం మెటల్ అంత బాగా బయటికి పంపదు. ఎక్కువ వెలుతురు కావాలంటే మెటల్, తక్కువ వెలుతురులో గంటల కొద్దీ వాడాలంటే పాలిమర్. రెండిట్లో ఏదైనా మామూలుగా దొరికే సెల్లు సైజు ఉండాలి, వెనక మూత చేత్తో ఊడాలి, విడి రబ్బరు రింగులు రెండు డబ్బాలో ఇస్తే ఇంకా మంచిది, వాటిని చిన్న కవర్లో వేసి టార్చ్ పౌచ్‌లోనే ఉంచుకోండి.