వార్డుకూ తరగతికీ ఒకే కాగితం: ఆక్యుపేషనల్ థెరపీ అధ్యాపకులకు కొన్ని సూచనలు

ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బుపడినవారు తినడం, స్నానం వంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే చికిత్స) విద్యార్థి చదువు ముగిసేలోగా కనీసం 1000 గంటలు పర్యవేక్షణలో క్షేత్రశిక్షణ పొందాలని ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ప్రమాణం చెబుతోంది. లాగ్‌బుక్‌లో ఆ గంటలు నిండడం పెద్ద కష్టం కాదు. తరగతిలో విన్నది వార్డులో అక్కరకు రావడానికీ, వార్డులో తోచిన సందేహం తరగతికి తిరిగి చేరడానికీ మాత్రం ముందుగా కొంత ఏర్పాటు కావాలి.

పోస్టింగ్ (విద్యార్థి వార్డులో శిక్షణ పొందే కాలం) మొదలయ్యే ముందు పాఠం చెప్పే అధ్యాపకులు, వార్డులో పర్యవేక్షించే థెరపిస్టు ఒక గంట కలిసి కూర్చుని, ఆ నెలకు ఒక జబ్బునూ ఒక పనినీ ఎంచుకోవాలి. 'పక్షవాతం' అని మాత్రమే అనుకుంటే అది మరీ విస్తృతమవుతుంది. 'కుడి పక్కకు పక్షవాతం వచ్చిన వ్యక్తి అన్నం కలుపుకుని తినడం' అనుకుంటే విద్యార్థి ఏం చూడాలో స్పష్టమవుతుంది.

తరువాత తరగతిలోకి కంచాలు, అన్నం, పప్పు తెప్పించండి. విద్యార్థులు తింటూ ఒక్కో కదలికనూ రాసుకోవాలి: చేయి చాచడం, వేళ్లు విప్పి కలపడం, ముద్ద చేయడం, అరచేయి ముఖం వైపు వచ్చేలా ముంజేయి తిప్పడం, బొటనవేలితో ముద్దను నోట్లోకి నెట్టడం. చెంచాతో తినడానికి ఈ చివరి కదలిక అవసరం లేదు కనుక దాన్ని విద్యార్థులు తమ చేతిలోనే గమనించాలి. ముంజేయి తిరగక, వేళ్లు ముడుచుకుపోయిన రోగిని మరునాడు చూసినప్పుడు, పని ఏ అంచె దగ్గర ఆగిపోతోందో వారు చెప్పగలుగుతారు.

వార్డులో బార్తెల్ సూచిక, అంటే రోగి రోజువారీ పనులు ఎంతవరకు తానే చేసుకోగలడో మార్కులతో కొలిచే పట్టిక, నింపమనడం మామూలే. 1965లో ప్రచురితమైన ఆ సూచికలో ఆహారం విషయంలో పూర్తి 10 మార్కులు పడాలంటే రోగి ఆహారాన్ని కోసుకోవడం, వెన్న రాసుకోవడం వంటివి తానే చేసుకోవాలి. మన రోగి కంచంలో రాయడానికి వెన్నా ఉండదు, కోయడానికి మాంసం ముక్కా ఉండదు. కాబట్టి మార్కు వేయించడంతో ఊరుకోకుండా, ఆ మార్కు ఈ రోగి గురించి ఏం చెబుతోందో, ఏం చెప్పలేకపోతోందో రెండు వాక్యాలు రాయించండి. నా దృష్టిలో ఆ రెండు వాక్యాల విలువ మార్కు కంటే ఎక్కువ.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. బాగున్న చేతితో పని చేయించడం పాఠంలో ఉన్న మార్గమే, కానీ ఎడమచేత్తో తినమంటే చాలామంది పెద్దవారు ముఖం తిప్పుకుంటారు. కుడిచేతి సాధన కొనసాగించాలా, చెంచా అలవాటు చేయాలా, కొంతకాలం ఇంట్లోవారు తినిపించాలా అన్నది రోగినీ కుటుంబాన్నీ అడిగి తేల్చుకోవలసిన విషయం. విద్యార్థి తన నిర్ణయానికి కారణాన్ని ఒకే పేజీలో రాయాలి. అదే పేజీపై థెరపిస్టు వార్డులోనూ, అధ్యాపకులు తరగతిలోనూ తమ వ్యాఖ్యలు రాయాలి. ఇద్దరి అభిప్రాయాలు వేరైతే దాచనక్కరలేదు, విద్యార్థి ఎదుటే చర్చించుకోవచ్చు.

ఆ పేజీ అదే వారంలో తరగతి చర్చకు రావాలి, ఆలస్యమైతే వివరాలు మరుగున పడతాయి. రోగి అనుమతి తీసుకుని, పేరు, ఊరు, ఆస్పత్రి నంబరు తీసేసిన తరువాతే చదవాలి. నెలకొకసారైనా థెరపిస్టు తరగతికీ, అధ్యాపకులు వార్డుకూ వెళ్లడం మంచిది. ఏళ్ల తరబడి రోగిని చూడని అధ్యాపకులకు ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

మూల్యాంకనం పోస్టింగ్ చివరికి వదిలేయకుండా సగంలోనే ఒకసారి చేయండి, దిద్దుకోవడానికి రోజులు మిగులుతాయి. ఏం చేశావని కాకుండా, ఎందుకు చేశావు, రోగి ఒప్పుకోకపోతే మరేం చేసేవాడివి అని అడగండి. ఏడాది చివర ఆ పేజీలన్నీ ముందేసుకుని, ఎక్కువమంది తడబడిన చోటు ఏదో చూసి, మరుసటి సంవత్సరం ఆ పాఠానికి ఇంకో రెండు పీరియడ్లు కేటాయించండి.